వర్ధనమ్మ గారు ఖాళీ ఉంచిన జాగా

పోయిన శనివారం ఒకాయన క్రికెట్ బ్యాటు చంకన పెట్టుకుని మా కొట్లోకి వచ్చాడు. అప్పుడే దానికి నూనె పట్టించినట్టున్నాడు, తలుపు తీయగానే అవిసె నూనె వాసన గుప్పుమంది. చికాగో పక్కన ఈ నేపర్‌విల్‌కి వచ్చి కొట్టు పెట్టి చాలా ఏళ్ళయింది. జాకెట్లు కుట్టడం, చీరలకి ఫాల్సు వేయడం, ప్యాంట్లు పొట్టి చేయడం నా పని. ఆయన బల్ల మీద ఒక పట్టు గుడ్డ, దాని మీద ఒక పాత జాకెట్టు పెట్టి, "మా మిసెస్‌దండీ. ఇది ఆది జాకెట్టు. ఈ కొలతకి కుట్టేయండి, నెక్స్ట్ వీక్ పిక్ చేసుకుంటాను" అన్నాడు. నేను ఆది జాకెట్టు పెట్టుకుని కుట్టను, మనిషి రావాలి అన్నాను. ఆయన ముఖం చిట్లించి, "ఆవిడకి ఒంట్లో బాగాలేదండీ, బయటికి రావడం లేదు" అన్నాడు. ఆ మాట వినగానే నా చేతిలో టేపు ఆగిపోయింది. "తగ్గాకే రమ్మనండి, తొందరేముంది" అని గుడ్డా జాకెట్టూ రెండూ తిరిగి ఆయన చేతిలోనే పెట్టాను. గొణుక్కుంటూ వెళ్ళాడు. నూనె వాసన మాత్రం సాయంత్రం దాకా కొట్లోనే ఉంది.

ఈ అనుమానం నా సొంతం కాదు, వర్ధనమ్మ గారి దగ్గర అంటుకున్నది. ఆ వాసనా ఆవిడదే. ఎనభైల మొదట్లో మా ఆయన నాకు మతి చెడిందని ఊరంతా చాటి, నన్ను ఇండియా విమానం ఎక్కించేయబోతే, ఆ విమానం ఎక్కకుండా ఆపిన మనిషి ఆవిడ. ఆపింది జాలితో అని మీరనుకుంటే పొరపాటే. ఆవిడకి జాలి తక్కువ. ఎవరు ఏం చెప్పినా నమ్మకపోవడం ఒక్కటే ఆవిడకి బాగా వచ్చు.

అప్పుడు మేం మసాచుసెట్స్‌లో విల్లోబరో అనే చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. ఇంగ్లండు రాజు పాలించిన రోజుల నాటి ఊరు. దాని పాత వీధులు రెండు అలాగే నిలబెట్టి మ్యూజియం చేశారు. కమ్మరి కొలిమి, పీపాలు చేసే కొట్టు, విగ్గుల కొట్టు అన్నీ ఉండేవి. ఆ కాలపు బట్టలు కట్టుకుని మనుషులు ఆ పనులు చేసి చూపిస్తారు. ఇండియా నుంచి ఎవరి అమ్మానాన్నలు దిగినా, శనివారం రాగానే మావాళ్ళు కారెక్కించి అక్కడికే తీసుకెళ్ళేవాళ్ళు. నేను అమెరికా వచ్చిన రెండో ఏడు, మా ఆయన స్నేహితుడి అమ్మా నాన్నని తీసుకుని మేమూ వెళ్ళాం. అచ్చుకొట్టులో చెక్క ప్రెస్సు దగ్గర, పాదాల దాకా గౌను, తల మీద తెల్ల గుడ్డ టోపీ, ముక్కుకి పుడకతో ఒకావిడ నిలబడి ఉంది. అమెరికాలో ఇదేం వేషమా అని మేమంతా నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నాం. స్నేహితుడి అమ్మగారు, "ఈవిడెవరే, మనావిడలా ఉంది" అని నా చెవిలో అంటూ ప్రెస్సు మీద చెయ్యి వేయబోయింది.

"మనావిడనే. చెయ్యి పెట్టకండి, సిరా అంటుకుంటే చీర పాడవుతుంది" అందావిడ, తెనాలి యాసలో.

తరవాత తెలిసింది, వాళ్ళ నాన్నకి తెనాలిలో ప్రెస్సు ఉండేదట, ఈవిడ లంగా ఓణీల వయసు నుంచే అక్షరాలు పేర్చేదట. భర్త పక్క ఊరి కాలేజీలో పాఠాలు చెప్పడానికి వచ్చి, ఇక్కడే పోయారు. ఆవిడ తిరిగి వెళ్ళలేదు. మ్యూజియంవాళ్ళకి చేత్తో కంపోజింగ్ చేయగలవాళ్ళు కావాలంటే వెళ్ళి చేరింది. అవిసె నూనె కాచి, దీపపు మసి కలిపిన సిరాతో ఆ ఊరి పాత పేపర్లోని ప్రకటనలు ఒక పెద్ద కాగితం మీద వేసి, వచ్చినవాళ్ళందరికీ ఇచ్చేది. విగ్గులు చేసే ఆయన, పళ్ళు పీకే ఆయన, బట్టలకి రంగులద్దే ఆయన, లండన్ టీ అమ్మే ఆయన, అందరూ ఆ కాగితం మీద బారులు తీరి మమ్మల్ని పిలుస్తుండేవాళ్ళు. ఆ రోజు ఆవిడ టీ ప్రకటన మీద వేలు పెట్టి నాతో అంది:

"చూశావా అమ్మాయ్, 'కల్తీ లేనిది' అని పెద్దక్షరాల్లో వేయించుకున్నాడు. కల్తీ ఉందని ఎవడో అని ఉంటాడు. లేకపోతే ఆ మాట ఎందుకొస్తుంది?"

నాకు నవ్వొచ్చింది. మా ఆయనకి రాలేదు. కారులో ఇంటికి వస్తూ, "ఆవిడతో మరీ పూసుకోకు. పుల్లలు పెట్టే రకంలా ఉంది" అన్నాడు. నాకూ ఆవిడ మీద సదభిప్రాయమేమీ కలగలేదు. ఇంత వయసొచ్చి టోపీ పెట్టుకుని ఈ తిప్పలేమిటి, మొదటిసారి చూసిన మనిషితో ఆ చొరవేమిటి అనుకున్నాను.

అయినా ఆవిడ దగ్గరికే చేరాను. మ్యూజియంలో టోపీలు, ఏప్రన్లు కుట్టడానికి మనిషి కావాలని ఆవిడే కబురు పెట్టింది. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే ప్రశ్నలు వేస్తున్నానని మా ఆయనా ఒప్పుకున్నాడు. అచ్చుకొట్టు వెనక గదిలో కిటికీ పక్కన నాకో కుర్చీ వేశారు. ఆవిడతో వేగడం మాటలు కాదు. రేడియోలో ఎండ అంటే గొడుగు తెచ్చేవారు. పాల డబ్బా మీద తేదీ ఉన్నా మూత తీసి వాసన చూసేవారు. నేను కుట్టిన టోపీ అంచు ప్రతిదీ గోటితో లాగి చూసేవారు. "బాగానే కుట్టానండీ" అంటే, "ఏమో, చూస్తున్నాగా" అనేవారు. నా మీద ఈ నిఘా ఏమిటని ఒళ్ళు మండేది. నన్ను ఎందుకు పిలిపించుకుందో, నా ద్వారా మా ఇంటి సంగతులు ఎవరికి చేరవేస్తుందో అని నాకూ అనుమానంగానే ఉండేది. ఒకళ్ళనొకళ్ళం ఓరకంట చూసుకుంటూ ఆ చలికాలం గడిపాం.

ఆ కాగితంలో సరుకుల ప్రకటనల మధ్య ఒకటి సరుకుది కాదు. రంగులద్దే ఆయనకీ పళ్ళు పీకే ఆయనకీ మధ్యన ఒక మొగుడు వేయించినది. నా భార్య ఏ కారణమూ లేకుండా నా ఇల్లు విడిచి వెళ్ళింది, ఆమెను ఎవరూ చేరదీయరాదు, ఆమె మాట ఎవరూ నమ్మరాదు అని ఉంటుంది. ఆ కాలంలో అలాంటివి మామూలేనట. చూడ్డానికి వచ్చినవాళ్ళు అది చదివి పడీ పడీ నవ్వేవాళ్ళు. వర్ధనమ్మ గారు దాని కింద నాలుగు వరసల జాగా ఖాళీగా వదిలేసేవారు. అన్ని ప్రకటనలూ ఇరుగ్గా ఉండి ఆ ఒక్క చోటే తెల్లగా ఉంటే ఎబ్బెట్టుగా కనిపించేది. ఎందుకండీ అని అడిగాను.

"ఆవిడ జవాబు కోసం. తరవాతి పేపర్లలో ఎక్కడైనా వేసిందేమోనని వెతుకుతున్నాను. దొరికితే పెడతాను."

"వేసి ఉండదు లెండి. ఏదో తప్పు చేసే ఉంటుంది. లేకపోతే కట్టుకున్నవాడు పేపర్లో ఎందుకు వేస్తాడు?"

వర్ధనమ్మ గారు చేతిలో అక్షరం పట్టుకునే నా వంక చూశారు. "వాడి పేపరుకి నువ్వూ చందా కట్టావన్నమాట" అన్నారు. ఆ రోజంతా నాకు ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. ఎందుకంటే అప్పటికే మా ఆయన నా మీద చెయ్యి చేసుకోవడం మొదలై కొన్ని నెలలయింది.

ఎందుకు కొట్టాడంటే ఏం చెప్పను. కూరలో ఉప్పుకి ఒకసారి, ఇన్ని ఫోన్లు ఎవరికి చేస్తున్నారని అడిగినందుకు ఒకసారి. చేతులకి తగిలిన దెబ్బలు నిండు చేతుల స్వెట్టర్ కింద ఉండేవి. ఒకరోజు తట్టుకోలేక, ఇంకోసారి చెయ్యెత్తితే నలుగురికీ చెబుతానన్నాను. ఆయన కోప్పడలేదు. నవ్వాడు.

మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న తెలుగువాళ్ళు, ఎన్నడూ పలకరించనివాళ్ళు కూడా, "ఎలా ఉన్నావమ్మా కస్తూరీ, నిద్ర పడుతోందా?" అని అడగడం. నిద్రకేం వచ్చిందో నాకర్థం కాలేదు. ఆ ఆదివారం సుభాషిణి గారింట్లో భోజనాలు. మా వాళ్ళందరికీ పెద్ద దిక్కు ఆవిడే. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే ఆవిడ మెల్లగా నా వెనక్కి వచ్చి, చిన్నపిల్ల చేతిలోంచి తీసుకున్నట్టు నా చేతిలోంచి కత్తి తీసేసుకుంది. "నువ్వు కూర్చోమ్మా, రెస్ట్ తీసుకో" అంది. గదిలో ఉన్న ఆడవాళ్ళంతా ఒకేసారి వేరే మాటలు ఎత్తుకున్నారు. అప్పుడు అర్థమైంది. నేను నలుగురికీ చెప్పేలోపు ఆయనే నలుగురికీ చెప్పేశాడు. ఇక నేను నోరు విప్పినా అది నా జబ్బు కిందే లెక్క. ఇంటికొచ్చి చూస్తే నా పాస్‌పోర్టు పెట్టెలో లేదు. పై ఆదివారం రాత్రికి ఇండియాకి టికెట్ బుక్ చేశానని, అమ్మ దగ్గర ఉంటే అన్నీ సర్దుకుంటాయని ఆయన తాపీగా చెప్పాడు. గుంటూరులో మా వాళ్ళకి కూడా అప్పటికే ఉత్తరం వెళ్ళిపోయింది. పిచ్చిదని పేరు పెట్టుకుని ఆ గుమ్మంలో దిగితే, బతికినంత కాలం నా మాట ఒక్కరూ వినరు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

సోమవారం మ్యూజియంకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను కానీ సూదిలోకి దారం ఎక్కదు. వర్ధనమ్మ గారు చాలాసేపు చూసి, చేతులు తుడుచుకుని వచ్చి నా ఎదురుగా స్టూలు వేసుకున్నారు.

"మీ ఆయన నాకు ఫోన్ చేశాడు. నీకు మనసు బాగుండటం లేదట. ఏవేవో ఊహించుకుంటున్నావట. ఏమైనా చెబితే ఊ కొట్టాలట గానీ ఇంట్లో ఉంచుకోకూడదట. నీ మంచికేనట."

"మీరు నమ్మారా?" అన్నాను.

"నేను ఎవర్నీ నమ్మను. నిన్ను కూడా. నువ్వేమంటావో చెప్పు."

ఆ ఊళ్ళో ఆ మాట అడిగిన మనిషి ఆవిడ ఒక్కరే. చెప్పాను. స్వెట్టర్ చేతులు పైకి లాగి చూపించాను. అక్కున చేర్చుకుంటారేమోనని పిచ్చి ఆశ. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చేతులు చూశారు, ఎప్పుడు అని అడిగారు, దేనితో అని అడిగారు, ఒక్కటే ప్రశ్న అటు తిప్పి ఇటు తిప్పి అడిగారు. పోలీసువాడిని మించిపోయారు. నాకు ఏడుపు పోయి కోపం వచ్చింది. "మీరూ నన్ను నమ్మడం లేదు కదూ" అని అరిచేశాను. "ఇంకా చూస్తున్నాను" అన్నారు. అంతే. వెళ్ళి మళ్ళీ అక్షరాలు పేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆ వారమంతా ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నా ఆశ అడుగంటిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో నన్ను సాగనంపడానికని భోజనాలు పెట్టాడు మా ఆయన. అందరూ వచ్చారు. నేను కొత్త చీర కట్టుకుని బొమ్మలా కూర్చున్నాను. సూట్‌కేసు గుమ్మం పక్కనే ఉంది. పిలవకపోయినా వర్ధనమ్మ గారు పులిహోర గిన్నె పట్టుకుని దిగారు. మా ఆయన ముఖం మాడిపోయింది కానీ, ఇంటికొచ్చిన పెద్దావిడని ఏమనగలడు. "రండి పిన్నిగారూ" అని సోఫాలో కూర్చోబెట్టి, కాఫీ చేతికిచ్చాడు.

ఆవిడ కాఫీ తాగుతూ, "కస్తూరికి ఏమైందట సుభాషిణీ?" అన్నారు, నేను అక్కడ లేనట్టే.

సుభాషిణి గారు ఇబ్బందిగా కదిలింది. "మనసు బాగుండటం లేదుట పిన్నిగారూ. ఏవేవో ఊహించుకుంటోందిట. మనం ఊ కొట్టాలి గానీ ఇంట్లో ఉంచుకోకూడదుట. తన మంచికే."

"నీకేం చెప్పాడమ్మా?" అని పక్కనున్న ఆవిడని అడిగారు. ఆవిడా అదే చెప్పింది. ఊహించుకోవడం, ఊ కొట్టడం, మంచికే. ఆ పక్కన కూర్చున్నాయన్ని అడిగారు. ఆయన మొదలుపెట్టి, ఊ కొట్టడం దగ్గరికి వచ్చేసరికి తనే ఆగిపోయాడు. గదిలో ఎవరూ ప్లేటు కదపడం లేదు.

"నేను చిన్నప్పటి నుంచీ అచ్చు పని చేశాను" అన్నారు వర్ధనమ్మ గారు. "ఇంట్లో భార్యకి బాగాలేనివాడు ఒకరి దగ్గర ఏడుస్తాడు, ఒకరి దగ్గర విసుక్కుంటాడు, ఒకరితో చెప్పింది మరొకరితో మర్చిపోతాడు. ఇన్ని ఇళ్ళలో ఒక్క అక్షరం తేడా లేకుండా ఉందంటే ఇది కూర్చుని కంపోజ్ చేసిన మాట. ఏం బాబూ, దీని తిరుగు టికెట్ ఏదీ? ఒక్కసారి చూపించు."

మా ఆయన ఏదో అనబోయాడు. రెస్ట్ అన్నాడు, ఓపెన్ టికెట్ అన్నాడు, తరవాత బుక్ చేయొచ్చన్నాడు. ఆ మాటలు మాత్రం అతుకులతో, తడబాటుతో వచ్చాయి. అవి ఆయన ముందుగా పేర్చి పెట్టుకున్నవి కావు. అందరూ ఆయన వంకే చూస్తున్నారు. ఇంతకాలం నన్ను చూసిన చూపుతో ఆయన్ని చూడడం నేను కళ్ళారా చూశాను. నిజం చెప్పొద్దూ, నాకు చాలా సంతోషం వేసింది.

"దాని పాస్‌పోర్టు కూడా తెచ్చివ్వు నాయనా" అన్నారావిడ. ఇంతమంది ముందు కాదనలేక లోపలికెళ్ళి తెచ్చాడు. వర్ధనమ్మ గారు దాన్ని నాకివ్వకుండా, పేజీలన్నీ తిప్పి నాదేనని రూఢి చేసుకుని అప్పుడిచ్చారు. గుమ్మం పక్కనున్న సూట్‌కేసు చూపించి, "ఎలాగూ సర్దే ఉందిగా, పద" అన్నారు. "ఇంట్లో ఉంచుకోవద్దన్నావుగా. ఉంచుకుంటున్నాను" అని ఆయనకి కూడా చెప్పే బయల్దేరారు.

కారులో నేను ఏడుస్తూనే ఉన్నాను. "ఇప్పుడైనా నన్ను నమ్మారా?" అని అడిగాను. "నువ్వు చెప్పిందంతా నిజమో కాదో నాకింకా తెలియదు. తిరుగు టికెట్ లేదని మాత్రం తెలిసింది. ఈ పూటకి అది చాలు" అన్నారు. కానీ ఇంటికి చేరగానే తాళంచెవి రెండోది తీసి నా చేతిలో పెట్టారు. తరవాత ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి ఉన్నాను. విడాకులయ్యాయి. ఎప్పుడు అడిగినా, "ఇంకా చూస్తున్నాను" అనే అనేవారు. పాల డబ్బాతో పాటు నన్నూ పొద్దున్నే ఒకసారి పరీక్షగా చూసేవారు. నాకది అలవాటైపోయింది, తరవాత ఇష్టమైపోయింది. ఆవిడ పోయినప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ వేసింది దానికే, నన్ను అలా చూసేవాళ్ళు ఇక లేరని.

జాకెట్లు కుట్టి బతుకుతానంటే, మ్యూజియంలో జనం లేని రోజు చూసి, అనుమతి అడిగి, ఆ చెక్క ప్రెస్సు మీద నాకో ప్రకటన వేసిపెట్టారు. నేను రాసిచ్చిన కాగితంలో నమ్మకంగా, అందంగా, అతి త్వరగా అని చాలా మాటలున్నాయి. "నమ్మకంగా అని నువ్వే అంటే ఎట్లా? అది వాళ్ళనాలి" అని కొట్టేశారు. అందంగా కొట్టేశారు. త్వరగా అయితే, "అబద్ధం, నువ్వు చేసేది నిదానంగా" అని కొట్టేశారు. చివరికి కస్తూరి, జాకెట్లు కుడుతుంది, మీరే వచ్చి కొలతలివ్వండి అని మిగిలింది. ఆ చివరి మాట ఆవిడ పెట్టిందే. "ఎవడో వచ్చి ఆమె తరఫున చెబితే నువ్వు వినకు" అన్నారు. నల్లటి సిరా, అవిసె నూనె వాసనతో ఆ కాగితం ఇండియన్ గ్రోసరీ కొట్టులో బియ్యం బస్తాల పైన అంటించాం. మొదట వచ్చింది సుభాషిణి గారే. కొలతలిచ్చి, నేను గుడ్డ కత్తిరించబోతే ఆగమంది. బల్ల మీదున్న కత్తెర తీసి తన చేత్తోనే నాకందించింది.

ఆ మొగుడి ప్రకటన కింద జాగా మాత్రం వర్ధనమ్మ గారు చివరిదాకా నింపలేకపోయారు. ఎన్ని పేపర్లు తిరగేసినా ఆ భార్య జవాబు దొరకలేదు. ఆ కాగితం ఒకటి మా కొట్లో కొలతల గదిలో అద్దం పక్కన అంటించి ఉంది.

బ్యాటు ఆయన నిన్న భార్యని తీసుకొచ్చాడు. సన్నగా, కొత్తగా వచ్చినట్టున్న పిల్ల. ఆయన కూడా కొలతల గది దాకా వచ్చాడు. "మీరు బయట కూర్చోండి" అని కర్టెన్ లాగేశాను. టేపు ఆ అమ్మాయి భుజాల మీద వేసి, గొంతు తగ్గించి, "ఒంట్లో బాగాలేదన్నారు. ఏమైంది?" అని అడిగాను.

"జలుబండీ. తగ్గిపోయింది" అంది, అద్దంలోకి చూస్తూ.

నిజంగా జలుబే అయ్యుంటుంది. మామూలుగా అదే అవుతుంది. కొలతలు మాత్రం ఉండాల్సిన దానికంటే నెమ్మదిగా తీశాను. చేతులు, వీపు, మెడ. అంతా అయ్యాక, "జాకెట్టు అవగానే ఫోన్ చేస్తాను. మీ నంబరే ఇవ్వండి, ఆయనది వద్దు" అన్నాను. ఆ అమ్మాయి కర్టెన్ వంక ఒకసారి చూసి, తన నంబరు చెప్పింది.